పూల్ క్యూ: తూకం ఎక్కడ, దెబ్బ ఎక్కడ

ఒకే బరువున్న రెండు పూల్ క్యూలు చేతిలో ఒకేలా ఉండవు. కాంటా మీద పెడితే రెండూ 540 గ్రాములే తూగుతాయి. పట్టుకుంటే మాత్రం ఒకటి ముందుకు వాలుతున్నట్టు, రెండోది వెనక్కి గుంజుతున్నట్టు ఉంటుంది. ఒకదానితో కొడితే బంతి టక్కున పోయినట్టు, ఇంకోదానితో కొడితే దెబ్బ మొద్దుగా తగిలినట్టు అనిపిస్తుంది. ఆడేవాళ్లు మొదటి తేడాను బ్యాలెన్స్ అని, రెండోదాన్ని హిట్ అని అంటారు. రాజీవ్ రహదారి మీద సుల్తానాబాద్‌కు ఇటు కరీంనగర్‌లోనైనా, అటు పెద్దపల్లిలోనైనా పూల్ పార్లర్‌కు వెళ్లినవాళ్లు ముందుగా చేసే పని స్టాండులోని కర్రలను ఒక్కొక్కటే తీసి ఊపి చూడడం. ఆ ఊపులో తెలిసే తేడా నిజమైనదే. అది దేని తేడా అన్న దగ్గరే పొరపాటు జరుగుతుంది. బ్యాలెన్స్ పని క్యూ బంతిని తాకకముందే ముగిసిపోతుంది. హిట్ అని చెప్పుకునే అనుభూతి బంతి వెళ్లిపోయాక చేతికి అందుతుంది. ఈ రెంటి నడుమ, టిప్ బంతిని అంటుకుని ఉండే ఒక్క క్షణంలో, షాట్‌ను తేల్చే సంగతులు వేరే ఉన్నాయి.

కర్రలో ఏముంది

పూల్ క్యూ పొడవు సాధారణంగా 147 సెంటీమీటర్లు, అంటే 58 అంగుళాల దాకా ఉంటుంది. బరువు 510 నుంచి 600 గ్రాముల మధ్య. ముందు సగాన్ని షాఫ్ట్ అంటారు. అది ఎక్కువగా మేపుల్ చెక్కతో చేసింది, కొన దగ్గర 12, 13 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. ఆ కొనకు ఫెర్రూల్ అనే చిన్న గొట్టం, దాని మీద తోలు టిప్. వెనుక సగం బట్. అది లావుగా, బరువుగా ఉంటుంది. చాలా క్యూలలో బట్ చివర లోపల ఒక ఇనుప బోల్టు దాగి ఉంటుంది. దాన్ని మార్చి క్యూ బరువును పెంచుతారు, తగ్గిస్తారు.

స్నూకర్ క్యూ దీనికి సన్నని చుట్టం. ఎక్కువగా యాష్ చెక్కతో చేస్తారు. టిప్ 9 నుంచి 10 మిల్లీమీటర్లే, ఫెర్రూల్ ఇత్తడిది. స్నూకర్ బంతి వ్యాసం 52.5 మిల్లీమీటర్లు, పూల్ బంతిది 57.15. పూల్ బంతి బరువు సుమారు 160, 170 గ్రాములు. స్నూకర్ బంతి అంతకన్నా తేలిక. మన పార్లర్లలో పూల్ టేబుల్ మీద స్నూకర్ క్యూతో ఆడడం వింతేమీ కాదు కాబట్టి, ఈ రెండు కొలతల తేడా ఇక్కడ పుస్తకాల్లో మిగిలే సంగతి కాదు.

నిబంధనలు పెద్దగా కట్టిపడేయవు. ప్రపంచ పూల్ నిబంధనల ప్రకారం క్యూ 40 అంగుళాలకు తగ్గకూడదు, 25 ఔన్సులు (సుమారు 709 గ్రాములు) మించకూడదు, టిప్ వెడల్పు 14 మిల్లీమీటర్లు దాటకూడదు. స్నూకర్‌లో పొడవు మూడడుగులకు తగ్గకపోతే చాలు. ఈ హద్దుల లోపల తయారీదారు ఇష్టం. అందుకే కర్రకూ కర్రకూ ఇంత తేడా.

ఆదిలాబాద్ అడవులు టేకుకు పేరుపడ్డాయి. ఆ టేకుతో క్యూ ఎందుకు చేయరన్న ప్రశ్న ఈ ప్రాంతంలో సహజం. బరువులో టేకు మేపుల్‌కు దూరమేమీ కాదు. ఘనమీటరు మేపుల్ 700 కిలోల చిల్లర, టేకు 650 చిల్లర. వంగకుండా నిలిచే బిగువులోనూ రెండూ దాదాపు సమానం. తేడా కాఠిన్యంలో ఉంది. ఉక్కు గుండును చెక్కలోకి నొక్కి కొలిచే పరీక్షలో టేకు మేపుల్‌లో మూడొంతుల దగ్గరే ఆగిపోతుంది. రోజూ టేబుల్ అంచులకు తగిలే సన్నని కర్రకు గుంటలు పడితే వేళ్ల మధ్య జారేటప్పుడు ప్రతి గుంటా తెలుస్తుంది. పైగా టేకులో సహజంగా ఉండే నూనె జిగురును సరిగా పట్టనివ్వదు. టిప్, ఫెర్రూల్ నిలిచేది జిగురు మీదే. తలుపులకూ మంచాలకూ చెదలు పట్టకుండా కాపాడే గుణం ఇక్కడ అడ్డమవుతుంది.

తూకం చేసే పని

మామిడికాయలు తెంపే దోటిని తీసుకుంటే, చివర కట్టిన చిక్కం బరువు కొద్దిపాటిదే. అయినా దోటిని మొదలు దగ్గర పట్టుకుని ఎత్తితే మణికట్టు గుంజుతుంది, నడిమికి జరిగి పట్టుకుంటే తేలికవుతుంది. కర్ర మారలేదు, బరువు మారలేదు. బరువు ఉన్న చోటికీ పట్టుకున్న చోటికీ మధ్య దూరం మారింది. క్యూ బ్యాలెన్స్ అంటే ఆ దూరం సంగతే.

క్యూను ఒక వేలి మీద అడ్డంగా నిలబెడితే ఎటూ వాలకుండా ఆగే చోటు ఒకటి దొరుకుతుంది. పూల్ క్యూకు అది సాధారణంగా వెనుక చివర నుంచి 46, 48 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. ఆడేటప్పుడు క్యూను రెండు చేతులు మోస్తాయి. వెనుక చేయి ఆ చోటుకు కాస్త వెనకాల పట్టుకుంటుంది. టేబుల్ మీద పెట్టిన ముందు చేయి, అంటే బ్రిడ్జ్, టిప్‌కు పాతిక సెంటీమీటర్ల వెనక నిలుస్తుంది. 540 గ్రాముల క్యూకు తూకం 47 సెంటీమీటర్ల దగ్గర ఉందని, వెనుక చేయి 32 సెంటీమీటర్ల దగ్గర పట్టుకుందని అనుకుంటే, బ్రిడ్జ్ చేతి మీద పడే బరువు 90 గ్రాములు. మిగిలిన 450 గ్రాములు వెనుక చేతిదే.

అదే క్యూను పొడుగు చేతులున్న మనిషి ఇంకో పది సెంటీమీటర్లు వెనక్కి, 22 దగ్గర పట్టుకుంటే బ్రిడ్జ్ మీద బరువు 135 గ్రాములకు పెరుగుతుంది. సగానికి సగం ఎక్కువ. ఒకరు 'ముందు బరువు' అని పక్కన పెట్టిన కర్ర మరొకరికి సరిగ్గా అమరడానికి కారణం ఇదే. బ్యాలెన్స్ క్యూ ఒక్కదాని గుణం కాదు, క్యూకూ పట్టుకున్న చేతికీ మధ్య సంబంధం. అమ్మేవాళ్లు సెంటీమీటర్లలో చెప్పే తూకపు లెక్క కొనేవారి చేయి పొడవు తెలియకుండా సగమే పనికొస్తుంది.

బోల్టు మార్చినప్పుడు జరిగేది మరీ తమాషా. 28 గ్రాముల బోల్టును, అంటే ఒక ఔన్సును, బట్ చివర నుంచి 5 సెంటీమీటర్ల దగ్గర బిగిస్తే క్యూ మొత్తం 568 గ్రాములవుతుంది. తూకం చోటు రెండు సెంటీమీటర్లు వెనక్కి జరుగుతుంది. బ్రిడ్జ్ మీద బరువు 90 నుంచి 82 గ్రాములకు తగ్గుతుంది. కర్ర బరువెక్కింది, ముందు చేతికి మాత్రం తేలికైంది. 'బరువు పెంచినా తేలిగ్గా ఉంది' అని ఎవరైనా అంటే భ్రమ అనుకోనక్కర్లేదు.

ముందు బరువు ఎక్కువైతే షాఫ్ట్ బ్రిడ్జ్ మీద నిలకడగా కూర్చుంటుంది. కానీ టేబుల్ మీదికి వంగి చేయి చాచి కొట్టాల్సిన షాట్లలో కర్ర కిందికి గుంజుతుంది. వెనుక బరువు మరీ ఎక్కువైతే స్ట్రోక్ చివర షాఫ్ట్ బ్రిడ్జ్ మీద నుంచి పైకి లేస్తుంది. ఇవన్నీ బంతిని తాకేలోపు జరిగేవే. టిప్ అనుకున్న చోటికి, అనుకున్న వేగంతో, వంకర లేకుండా చేరిందా లేదా అన్నంత వరకే బ్యాలెన్స్ పాత్ర. చేరాక దాని మాట చెల్లదు.

కాంటాతో తూచే పద్ధతి

తూకం నిలిచే చోటు తెలుసుకోవడానికి వేలు చాలు. బ్రిడ్జ్ మీద పడే బరువు తెలియాలంటే వంటింటి ఎలక్ట్రానిక్ కాంటా కావాలి. కాంటా మీద చిన్న డబ్బా పెట్టి అంకెను సున్నా చేస్తారు. బ్రిడ్జ్ చేయి నిలిచే చోట క్యూను డబ్బా మీద ఆనిస్తారు. వెనుక చేయి పట్టుకునే చోట అంతే ఎత్తున్న మరో ఆధారం పెడతారు. క్యూ అడ్డంగా, నిశ్చలంగా ఉన్నప్పుడు కాంటా చూపించేదే ముందు చేతి బరువు. వెనుక ఆధారాన్ని అటూ ఇటూ జరిపితే అంకె ఎలా మారుతుందో అక్కడికక్కడే కనబడుతుంది. నచ్చిన క్యూకు ఈ అంకె రాసిపెట్టుకుంటే తర్వాత కొనే క్యూను దానితో పోల్చవచ్చు.

సెకనులో వెయ్యో వంతు

తోలు టిప్ బంతిని అంటుకుని ఉండేది సుమారు సెకనులో వెయ్యో వంతు. మెత్తని టిప్ అయితే కాస్త ఎక్కువ, గట్టి టిప్ అయితే కాస్త తక్కువ. మామూలు షాట్‌లో క్యూ సెకనుకు రెండు మీటర్ల వేగంతో వస్తుందనుకుంటే ఆ కాలంలో అది ప్రయాణించేది రెండు మిల్లీమీటర్ల లోపే. బంతి దాదాపు సెకనుకు 2.6 మీటర్ల వేగంతో ముందుకు దూకుతుంది. బంతి క్యూ కన్నా వేగంగా పోతుంది కాబట్టే టిప్ దాన్ని తోసుకుంటూ వెళ్లలేదు. ఆట మొదట్లో చాలామందికి కలిగే 'బంతిని తోశాం' అన్న భావనకు చోటే లేదు.

ఈ కొద్ది కాలంలో క్యూకు ఏమవుతుందన్నది ఇంకా వింత. నెమ్మది వీడియోలో చూస్తే బంతి తగిలిన మరుక్షణం క్యూ వేగం దాదాపు 40 శాతం పడిపోతుంది. వెనుక చేయి అదే వేగంతో వస్తూనే ఉంటుంది కాబట్టి కర్రను మళ్లీ ముందుకు తోస్తుంది. అరచేతి కండ మెత్తనిది, వెయ్యో వంతు సెకనులో గట్టిగా నొక్కలేదు. కాబట్టి దెబ్బ పడే క్షణంలో పిడికిలి బిగించినా బంతికి అదనంగా ఏమీ చేరదు. బిగించే తొందరలో టిప్ దారి తప్పడమే ఎక్కువ.

బరువు సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. 480 గ్రాముల క్యూనూ 600 గ్రాముల క్యూనూ ఒకే వేగంతో తెస్తే, రెండోది బంతికి ఇచ్చే వేగం అయిదారు శాతమే ఎక్కువ. క్యూ బరువు పాతిక శాతం పెరిగితే బంతికి దక్కే లాభం అంతే. బంతితో పోలిస్తే క్యూ ఇప్పటికే మూడింతలు బరువు. ఆ తర్వాత కలిపే గ్రాములకు విలువ తగ్గుతూ పోతుంది. తేలిక క్యూను చేయి ఇంకొంచెం వేగంగా ఊపగలదు కూడా. ఆట మొదట బంతుల గుంపును చెదరగొట్టే బ్రేక్ షాట్‌కు బరువైన కర్రే కావాలన్న నమ్మకం అందుకే అంత గట్టిది కాదు. గట్టి షాట్‌కు నిజంగా తేడా చేసేది టిప్. మెత్తని తోలు దెబ్బలో కొంత శక్తిని తానే మింగేస్తుంది, ఫినాలిక్ రెజిన్‌తో చేసిన గట్టి టిప్ తక్కువ మింగుతుంది. బ్రేక్ కోసం వేరే క్యూ ఉంచుకునేవాళ్లు దానికి గట్టి టిప్ వేయించుకోవడం ఇందుకే.

పక్కకు కొట్టినప్పుడు

క్యూతో కొట్టే తెల్ల బంతిని, అంటే వైట్‌ను, నడిమధ్య కొట్టినంత సేపూ క్యూల మధ్య తేడా చిన్నదే. పక్కకు కొట్టి సైడ్, అంటే పక్క తిప్పుడు, ఇచ్చినప్పుడు అసలు తేడా బయటపడుతుంది. వైట్‌కు కుడివైపు కొడితే అది క్యూ చూపిన దారిలో పోదు, కాస్త ఎడమకు జరిగి బయలుదేరుతుంది. దీన్ని డిఫ్లెక్షన్ అంటారు. మామూలు షాఫ్ట్‌తో పూర్తి సైడ్ ఇస్తే ఈ జరుగుడు రెండు డిగ్రీల దాకా ఉంటుంది. రెండు డిగ్రీలంటే చిన్నదే అనిపిస్తుంది కానీ, మీటరున్నర పోయేసరికి వైట్ అయిదు సెంటీమీటర్లు తప్పుతుంది. దాదాపు ఒక బంతి వెడల్పు. గురి బాగానే ఉన్నా బంతి పాకెట్‌లో పడలేదని కర్రను తిట్టే సందర్భాల్లో కొన్నిసార్లు తప్పు నిజంగానే కర్రదై ఉంటుంది.

ఇది జరిగే తీరు ఇలా ఉంటుంది. కుడివైపు దెబ్బ పడగానే బంతి తిరగడం మొదలుపెడుతుంది. టిప్ అంటుకున్న చోట బంతి ఉపరితలం కుడికి కదులుతూ టిప్‌ను కూడా కుడికి లాక్కుపోతుంది. షాఫ్ట్ కొనకు బరువుంది కాబట్టి అది అంత సులువుగా కదలదు, మొరాయిస్తుంది. ఆ మొరాయింపు బంతిని ఎడమకు నెడుతుంది. కొన ఎంత బరువైతే నెట్టుడు అంత ఎక్కువ.

ఇక్కడ లెక్కలోకి వచ్చేది క్యూ మొత్తం బరువు కాదు. కర్ర పొడవునా పడ్డ దెబ్బ చెక్కలో సెకనుకు నాలుగు కిలోమీటర్ల వేగంతో వెనక్కి పరుగెడుతుంది. వెయ్యో వంతు సెకనులో బట్ చివరిదాకా పోయి తిరిగి రాగలదు. అందుకే నేరుగా కొట్టినప్పుడు క్యూ అంతా కలిసి బంతిని కొడుతుంది. పక్కకు వంగే కదలిక అలా కాదు, చాలా నెమ్మది. బంతి వెళ్లిపోయేలోపు అది కొన నుంచి 15, 20 సెంటీమీటర్లు మాత్రమే పాకుతుంది. వెనుక ఉన్న మీటరు పైచిలుకు కర్రకు పక్కదెబ్బ వార్త అప్పటికి అందనే అందదు. షాఫ్ట్‌నూ బట్‌నూ కలిపే జాయింట్, బట్‌లోని ఖరీదైన చెక్క, బోల్టు, ఏవీ ఈ జరుగుడును మార్చలేవు. మార్చగలిగేది ముందు జానెడు కర్ర, ఫెర్రూల్, టిప్.

బిలియర్డ్స్ బంతుల కదలిక మీద ఫ్రెంచి గణితవేత్త కోరియోలిస్ 1835లోనే ఒక పుస్తకం వేశాడు. భూభ్రమణానికి సంబంధించిన 'కోరియోలిస్ ప్రభావం' పేరులో ఉన్నది ఆయనే. కానీ కొన బరువును తగ్గించి క్యూ చేయాలన్న ఆలోచన మార్కెట్‌కు చేరడానికి 1990లు రావాల్సి వచ్చింది. అమెరికాలో ప్రెడేటర్ అనే కంపెనీ క్యూను మనిషి చేతికి బదులు యంత్రానికి బిగించి, ఒకే షాట్‌ను పదే పదే కొట్టించి కర్రలను పోల్చింది. షాఫ్ట్ కొనను లోపల డొల్ల చేసి, ఫెర్రూల్‌ను చిన్నగా, తేలికగా మార్చితే జరుగుడు తగ్గింది. ఆ తర్వాత వచ్చిన కార్బన్ ఫైబర్ షాఫ్ట్‌లు ఇదే దారిలో ఇంకో అడుగు. గొట్టంలా డొల్లగా ఉన్నా గట్టిగా ఉంటాయి, వంగిపోవు. జరుగుడు సున్నా మాత్రం ఏ షాఫ్ట్‌తోనూ కాదు.

స్నూకర్ క్యూ ఈ లెక్కలో రెండు వైపులా గుంజబడుతుంది. కొన సన్నం కాబట్టి చెక్క తక్కువ, అది మంచిదే. కానీ ఇత్తడి చెక్క కన్నా పన్నెండింతలు బరువు, కాబట్టి చిన్న ఫెర్రూలే కొన బరువులో పెద్ద వాటా తీసుకుంటుంది. ఎదురుగా ఉన్న బంతి తేలికైనదైతే అదే కొన దాన్ని ఇంకా ఎక్కువ నెడుతుంది. క్యూ మారినప్పుడే కాదు, టేబుల్ మారినప్పుడు కూడా సైడ్ షాట్ల గురి కాస్త సర్దుకోవాల్సి రావడం అందుకే.

తక్కువ జరిగే షాఫ్ట్ ఆటను బాగు చేస్తుందా అంటే, అది అలవాటు మీద ఆధారపడ్డ సంగతి. పదేళ్లుగా ఒకే కర్రతో ఆడుతున్న మనిషి కళ్లు ఆ రెండు డిగ్రీలను తెలియకుండానే సర్దుకుని గురి పెడతాయి. కొత్త షాఫ్ట్ చేతికొస్తే ఆ సర్దుబాటే తప్పవుతుంది. కొత్తగా నేర్చుకునేవారికి తక్కువ జరిగేది నయం, మార్చుకునేవారికి కొన్నాళ్లు అది నష్టమే.

సైడ్ ఎంత పడుతుందన్నది షాఫ్ట్ మీద కన్నా టిప్ ఎక్కడ తగిలిందన్న దాని మీదే ఆధారపడుతుంది. బంతి మధ్య నుంచి అంచు వైపు సగం దూరం, అంటే పూల్ బంతికి సుమారు 14 మిల్లీమీటర్లు దాటితే టిప్ జారిపోతుంది. ఆ హద్దు దాకా టిప్ జారకుండా చూసేవి తోలు, దాని మీద రుద్దే చాక్. బిలియర్డ్స్ కర్రకు తోలు అతికించే పద్ధతికి ఆద్యుడిగా ఫ్రెంచి సైనికాధికారి ఫ్రాంస్వా మింగో పేరు చెబుతారు. అది 1800ల తొలి దశాబ్దాల మాట. ఇప్పటి నీలం చాక్ ఘనం 1897లో అమెరికాలో స్పింక్స్, హాస్కిన్స్ పేటెంట్ తీసుకున్న మిశ్రమం నుంచి వచ్చింది. పేరు చాకే అయినా అందులో ప్రధానంగా ఉండేవి సిలికా, అల్యూమినియం ఆక్సైడ్ లాంటి గరుకు పొడులు.

చేతికి తెలిసే హిట్

దెబ్బ పడ్డాక చర్మం నుంచి మెదడుకు కబురు చేరడానికి సెకనులో వందో వంతులు రెండు పడుతుంది. సెకనుకు 2.6 మీటర్ల వేగంతో పోతున్న బంతి అప్పటికే అయిదు సెంటీమీటర్లు దాటిపోయి ఉంటుంది. చేయి ఆ కబురుకు స్పందించేసరికి బంతి మరో 30 సెంటీమీటర్లు ముందుంటుంది. గట్టి హిట్, మెత్తని హిట్ అని ఆడేవాళ్లు చెప్పేది బంతి వదిలి వెళ్లిన కర్రలో మిగిలిన అదురు, చెవికి తగిలిన చప్పుడు.

అలాగని అది ఉత్త మాట కాదు. అదురు కర్రలో ఎలా సాగి ఎలా ఆరిపోతుందన్నది చెక్క జాతి, జాయింట్ తీరు, పట్టుకునే చోట చుట్టిన దారం లేదా తోలు, వెనుక రబ్బరు మూత, అన్నింటి మీదా ఆధారపడుతుంది. రెండు ముక్కల క్యూలో జాయింట్ స్టీలుదైతే చప్పుడు కరుకుగా, చెక్కకు చెక్క ఆనితే మెత్తగా వినబడుతుంది. లోపల బోల్టు వదులైనా, ఫెర్రూల్ జిగురు విడిచినా కర్ర గిలక్కాయలా పలుకుతుంది. ఆ పలుకు మరమ్మతుకు మంచి సూచన. నిజమైన ఉపయోగం ఇంకొకటి ఉంది. ఒకే కర్రతో ఎన్నో గంటలు ఆడినవారికి ప్రతి వేగానికీ ఒక అదురు గుర్తుంటుంది. షాట్ అనుకున్నంత గట్టిగా పడిందా లేదా అన్నది దానితో పోల్చుకుని, తర్వాతి షాట్‌ను సరిచేసుకుంటారు. హిట్ అప్పటి షాట్‌కు సాయం చేయదు, ఆపై వచ్చే షాట్‌కు చేస్తుంది.

ధర విషయంలో ఈ తేడా గుర్తుంచుకోదగ్గది. బట్ మీద పొదిగిన నగిషీలు, అరుదైన చెక్కలు క్యూ ధరను పెంచుతాయి కానీ బంతికి వాటి సంగతి తెలియదు. తక్కువ డబ్బున్నవారు టిప్ కోసం, షాఫ్ట్ కోసం ఖర్చు చేసి బట్‌ను సాదాగా ఉంచుకోవడమే తెలివైన పని.

ఎండ, వాన, వంపు

రామగుండం వైపు మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటిన రోజులు మామూలే. జూన్ చివరికి గాలి తడితో బరువెక్కుతుంది. చెక్క ఎండలో నీటిని వదులుతుంది, వానాకాలంలో పీల్చుకుంటుంది. ఒక వైపు ఎక్కువ, ఇంకో వైపు తక్కువ పీలిస్తే కర్ర వంగుతుంది. రేకుల పైకప్పు కింద, గోడకు ఏటవాలుగా నెలల తరబడి ఆనించిన క్యూ త్వరగా వంపు తిరుగుతుంది. నిటారుగా స్టాండులో నిలిపినా, కొన దగ్గర పట్టి వేలాడదీసినా నయం. ఆగి ఉన్న కారు డిక్కీలో ఉంచడం అన్నిటికన్నా చెడ్డది.

వంపు చూడడానికి క్యూను టేబుల్ మీద దొర్లిస్తారు. కొన ఎగిరెగిరి పడితే షాఫ్ట్ వంగినట్టే. కొద్దిపాటి వంపు ఆటను ఆపదు, ఆ వంపు ప్రతి షాట్‌లోనూ వేరే వైపుకు తిరగడమే గురిని చెడగొడుతుంది. స్నూకర్ ఆటగాళ్లలో చాలామంది యాష్ కర్ర మీద సహజంగా కనబడే బాణపు గుర్తుల గీతలను ప్రతిసారీ పైకే వచ్చేలా పట్టుకుంటారు. దానివల్ల కర్రలోని వంపు, ఒక వైపు ఎక్కువగా ఉండే బిగువు ప్రతి షాట్‌లోనూ ఒకే దిక్కున ఉంటాయి. పార్లర్ స్టాండులోని కర్రకు ఒక గుర్తు చూసుకుని అలాగే పట్టుకుంటే ఆ లాభం దానికీ దక్కుతుంది.